అభిమాన చిత్రములకు పాట ఎక్కడిది?

చేతనున్న ఫోనుతో చిన్న చిన్న చలనచిత్రములను కూర్చని విద్యార్థి నేడు మా పాఠశాలలో అరుదు. ఒకడు తన అభిమాన నటుని పుట్టినదినమునకు, ఒకతె తాను మెచ్చిన క్రికెట్టు క్రీడాకారిణికి, మరియొకడు తన వీధి కబడ్డీ జట్టునకు బొమ్మలను వరుసగా అతికి, వెనుక నొక పాటను పెట్టి, లోకమంతయు చూచునట్లు అంతర్జాలమున నుంచుచున్నారు. ఇట్టి వానిని అభిమాన చిత్రములని పిలుతము. బొమ్మలు కూర్చుటలో పిల్లలే మాకు గురువులు. ఆ విద్యను మేము వారివద్దనే నేర్చితిమి. అయితే వెనుక వినవచ్చు పాట ఎవరిది, దానిని పెట్టుటకు మీకు హక్కు కలదా యని అడిగినప్పుడు తరగతియంతయు నిశ్శబ్ద మగుచున్నది. ఆ ప్రశ్నకు మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున సమాధానము వ్రాయ నుద్దేశించితిమి. వ్రాయుటకు కారణమును మొదట చెప్పవలసియున్నది. అది మా పొరపాటు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా డ్రిల్లు మాస్టరుగారు ఉద్యోగవిరమణ చేసిరి. వీడ్కోలు సభకై పదవ తరగతి బాలురు వారిపై పది నిమిషముల చిత్రమొకటి తీసిరి. అందులో మాస్టరుగారు మైదానమున వేపచెట్టు క్రింద నిలిచి, తాము ఉద్యోగమున చేరిన మొదటి దినమును గూర్చియు, కాళ్లకు బూట్లు లేని జట్టును హనుమకొండకు నడిపించుకొనిపోయి ఆట గెలిచి వచ్చిన సంగతిని గూర్చియు తమ కంఠముతో చెప్పిన భాగము కలదు. ఆ మాటల క్రింద మెల్లగా నొక సినిమాపాట వినబడుచుండెను. పాట పెట్టవచ్చునా యని ఒక బాలుడు మమ్మే యడిగెను. "అది పాత పాటయే గదా, పెట్టుమురా" అని చెప్పినవారము మేమే. సభలో అందరును చూచి కన్నులు తుడుచుకొనిరి. అంతటితో నాగక దానిని అంతర్జాలమున నుంచితిమి. మూడవనాటికి ఆ చిత్రమునకు శబ్దము లేకపోయెను. పోయినది పాట యొక్కటియే కాదు; పాటతో కలిసిపోయిన మాస్టరుగారి మాటలును పోయెను. మూలప్రతి యున్న ఫోను అంతలో పాడయ్యెను. మరుసటి యేడు మాస్టరుగారు కాలము చేసిరి. దూరదేశమున నున్న వారి కుమార్తె, "నాన్నగారి గొంతు వినవలెనని యున్నది, ఆ చిత్రము పంపగలరా మాస్టారూ" అని వ్రాసినప్పుడు, పెదవులు మాత్రము కదలుచున్న మూగచిత్రము తప్ప మావద్ద నేమియు లేదు.

ఆ దినమునుండి మేము ఈ విషయమును చదువ నారంభించితిమి.

సభలో ఆ పాటను వినిపించుట తప్పు కాదని మొదట తెలిసికొంటిమి. మన దేశపు కాపీరైటు చట్టము 1957వ సంవత్సరమున చేయబడి, 1958 జనవరి 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అందులోని 52వ విభాగము పాఠశాలల కొక మినహాయింపు నిచ్చినది. పాఠశాల కార్యక్రమములలో భాగముగా, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తలిదండ్రులు, సంరక్షకులు, పాఠశాల పనులతో సంబంధము గలవారు మాత్రమే యున్న సభలో రికార్డు వినిపించినచో హక్కునకు భంగము కాదు. మేము ఆ గోడ దాటితిమి. అంతర్జాలమునకు గోడయును లేదు, హాజరుపట్టికయును లేదు.

శబ్దము పోవుట ఎట్లు జరుగునో పిల్లలకు వింతగా నుండును. ఎవరో కూర్చుండి లక్షల చిత్రములను వినుట లేదు. యూట్యూబు సంస్థ 2007వ సంవత్సరమున కంటెంట్ ఐడి యను యంత్రవిధానమును పెట్టినది. పాటల యజమానులు తమ రికార్డులను దానికి ముందుగా అప్పగింతురు. యంత్రము ప్రతి పాటకును వ్రేలిముద్ర వంటి గుర్తును తయారు చేసికొని, క్రొత్తగా వచ్చు ప్రతి చిత్రపు శబ్దమును ఆ గుర్తులతో పోల్చి చూచును. సరిపోయినచో చిత్రమును ఆపవలెనా, దానిపై వచ్చు ప్రకటనల ఆదాయము తీసికొనవలెనా, ఊరక లెక్క చూచుకొనవలెనా యని యజమాని ముందే చెప్పి యుంచును. మాటల వెనుక మెల్లగా మ్రోగు పాటను సైతము యంత్రము పట్టగలదు. దానికి జాలి లేదు, కోపమును లేదు. అభిమానమో దొంగతనమో తేల్చుట దాని పని కాదు.

ఇక పాఠములోనికి వత్తము. పాట యనగా ఒక్క వస్తువని మనము తలంతుము. చట్టము దృష్టిలో పాట మూడు వస్తువులు. పదములు ఒకటి, అది సాహిత్యకృతి. వరుస రెండవది, అది సంగీతకృతి. ఆ రెంటిని ఒకరు పాడగా యంత్రమున పట్టిన రికార్డు మూడవది. ముగ్గురు యజమానులు వేరు వేరుగా నుండవచ్చును. మూడు గడువులును వేరు. పదములకును వరుసకును హక్కు కర్త జీవితకాలమును, ఆయన మరణించిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లును ఉండును. రికార్డునకు అది వెలువడిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు. ఈ గడువు మొదట 50 ఏండ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ టాగూరుగారి రచనల హక్కు 1991 ఆఖరున ముగియనుండగా, ప్రభుత్వము దానిని 60కి పెంచినది. తాతలనాటి తెలుగు పుస్తకముల అట్టలోపల "సర్వస్వామ్య సంకలితము" అని యుండుట మీరు చూచియుందురు. అది అలంకారము కాదు. ఈ హక్కును గూర్చిన హెచ్చరికయే.

మేము "పాత పాటయే గదా" అన్నప్పుడు ఎంత తెలివితక్కువగా మాటలాడితిమో ఒక లెక్కచేత చూపుదుము. నల్లబల్లమీద వేసినట్లే వేయుడు. "మాయాబజారు" 1957లో విడుదలయైన చిత్రము. ఆ యేడు వెలువడిన రికార్డులకు గడువు 1958 జనవరి 1 మొదలు 60 ఏండ్లు. అనగా 2017 డిసెంబరు 31తో సరి. మన దేశమున ఆ రికార్డుమీద హక్కు లేదు. చాలునా? చాలదు. పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో మరణించిరి. పదముల గడువు 2031 డిసెంబరు 31 వరకు. సంగీతదర్శకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో మరణించిరి. వారి వరుసల గడువు 2034 డిసెంబరు 31 వరకు. కొన్ని పాటల వరుసలు సాలూరు రాజేశ్వరరావుగారు కట్టినవని చెప్పుదురు. వారు 1999లో మరణించిరి గనుక ఆ వరుసల గడువు 2059 వరకు పోవును. ఒకే చిత్రములోని పాటలకు ఇన్ని తేదీలు! మీ తాతగారు బాలుడుగా నున్నప్పుడు విన్న పాట మీరు ఉద్యోగస్థులైన పిమ్మటగాని పూర్తిగా స్వేచ్ఛ పొందదు. ఆ సినిమాకు 2010లో రంగులద్దిన ప్రతి యొకటి వచ్చినది. అది వేరు సంగతి, దానిని ముట్టవద్దు.

క్రొత్త పాటల సంగతి చెప్పనే యక్కరలేదు. "నాటు నాటు" పాటను వ్రాసిన చంద్రబోసుగారు మన పూర్వపు వరంగల్లు జిల్లాలోని చల్లగరిగ గ్రామమువారు. ఆ పాటకు 2023 మార్చిలో ఆస్కారు బహుమానము వచ్చినప్పుడు మా బాలురు మైదానమున నెగురని యెగురు లేదు. వెనువెంటనే ఇరువదిమంది చిత్రములు తీసిరి. ఆ రికార్డు 2021 నవంబరులో వెలువడినది. దాని గడువే 2081 ఆఖరు వరకు నున్నది. పదములకును వరుసకును 60 ఏండ్ల లెక్క ఇంకను మొదలు కాలేదు. కవిగారును, సంగీతకర్త కీరవాణిగారును దీర్ఘాయువులు కావలెనని మా కోరిక. మన జిల్లా బిడ్డ వ్రాసిన పాటను మనమే హక్కు లేక వాడుకొని, ఆయనను అభిమానించుచున్నామని చెప్పుకొనుట ఎట్లుండునో పిల్లలే ఆలోచింపవలెను.

"అయితే మాస్టారూ, అన్నమాచార్యుల కీర్తన పెట్టెదము. ఆయన పోయి ఐదువందల యేండ్లయినది గదా" అని ఒక బాలిక చెప్పినది. బుద్ధిగల మాట. అయినను ఇక్కడ నొక గోతి కలదు. అన్నమాచార్యుడు 1503లో పరమపదించెను, పదములు అందరివి. కాని తిరుమలలో రాగిరేకులు 1922లో వెలుగు చూచినప్పుడు, వానిపై రాగముల పేర్లున్నవే గాని, పాడు వరుస లేదు. నేడు మనము వినుచున్న వరుసలలో అనేకము ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లోను, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లోను మరణించిరి. వారు కట్టిన వరుసల గడువును వారి మరణమునుండి లెక్కింపవలెను గాని అన్నమయ్య మరణమునుండి కాదు. మన సీమకు చేరువనున్న భద్రాచల రామదాసు కీర్తనలకును ఈ జాగ్రత్త వలయును. పదము ప్రాచీనమైనంత మాత్రమున వరుస ప్రాచీనము కాదు.

త్యాగరాజస్వామి కృతుల సంగతి మేలు. ఆయన 1847లో సిద్ధిపొందెను. పదములును వరుసయు ఆయనవే; శిష్యపరంపరచేత మనకు వచ్చినవి. కావున ఆ రెండును స్వేచ్ఛయే. మిగిలినది రికార్డు. నిన్న మొన్న పాడిన విద్వాంసుని రికార్డు తీసికొనరాదు. 1964వ సంవత్సరాంతమునకు లోపల వెలువడిన గ్రామఫోను రికార్డైనచో మన దేశమున దాని గడువు తీరినది. మాటల వెనుక పెట్టుటకు పాటకన్న వాద్యము మేలని పిల్లలకు మేమెప్పుడును చెప్పుదుము. విజయనగరపు ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయులీనమున త్యాగరాజ కృతులను వాయించి యిచ్చిన గ్రామఫోను రికార్డులు కలవు. ఆయన 1964లో మరణించెను. ఆయన జీవితకాలమున వెలువడిన అట్టి రికార్డులో వరుస స్వేచ్ఛ, రికార్డు స్వేచ్ఛ, పదమే లేదు. ఇంతకన్న మంచి ధనము ఏ పిల్లవానికి దొరకును? అయితే ఆయన మరణానంతరము క్రొత్తగా వెలువడిన రికార్డునకు అది వెలువడిన సంవత్సరమునుండియే లెక్క.

ఇచ్చట మరియొక చిక్కు. అంతర్జాలమున నుంచిన చిత్రము అమెరికాలోను కనబడును. ఆ దేశపు చట్టము వేరు. 2018లో చేసిన శాసనము ననుసరించి 1923కు పూర్వపు రికార్డులన్నియు 2022 జనవరి 1న అక్కడ స్వేచ్ఛ పొందినవి. 1923 మొదలు 1946 వరకు వెలువడిన వానికి నూరేండ్లు గడువు. ఇక్కడ స్వేచ్ఛయైనది అక్కడ కాకపోవచ్చును. ఈ బాధలన్నిటికిని మేము కనుగొన్న సులభోపాయము ఒకటే. త్యాగరాజ కృతిని మన సంగీతపు తరగతి బాలికయే వాయులీనముపై వాయింపనీ, మన ఫోనులోనే పట్టుకొందము. వరుస పాతది, రికార్డు మనది. క్రైస్తవ కీర్తనలకును ఇదే మార్గము. పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించిరి; వారి కీర్తనల పదములు అందరివి. ఈనాటి గాయకులు క్రొత్త వాద్యములు చేర్చి విడుదల చేసిన రికార్డు అందరిది కాదు. క్రిస్మసు కార్యక్రమమునకు పిల్లలు కీర్తన కోరినప్పుడు మా గాయకబృందమునే పాడించితిమి. రెండవ చరణమున శ్రుతి కొంచెము జారినది, జారనిండు.

ఇంతవరకు కాలము తీరి స్వేచ్ఛ పొందిన సంగీతమును గూర్చి చెప్పితిమి. బ్రతికియున్న కర్త తానే తలుపు తెరచి యుంచిన సంగీతమును కలదు. మన ప్రాంతమున కాకతీయులనాటి చెరువు లున్నవి. పాకాల, రామప్ప, లక్నవరము. చెరువు ఊరుమ్మడి. అయినను ఎవని యిష్టము వచ్చినట్లు వాడు తూము లేపరాదు; నీరటికాడు చెప్పిన వంతు ప్రకారము పారించుకొనవలెను. క్రియేటివ్ కామన్సు అను సంస్థ 2001లో అమెరికాలో స్థాపింపబడి, 2002 డిసెంబరులో తన మొదటి అనుమతి పత్రములను వెలువరించినది. అవి ఈ వంతు వంటివి. కర్త తన హక్కును విడువడు. "ఈ షరతులపై ఎవరైనను వాడుకొనవచ్చును, నన్ను అడుగ నక్కరలేదు" అని ముందే వ్రాసి యిచ్చును.

షరతులు నాలుగే, రెండేసి యక్షరములతో గుర్తింతురు. బి.వై. యనగా కర్త పేరు చెప్పవలెను. ఎన్.సి. యనగా లాభమునకు వాడరాదు. మీ చిత్రముపై ప్రకటనలు వేసి డబ్బు గడించ దలచితిరా, ఈ గుర్తు గల సంగీతమును విడువుడు. ఎస్.ఏ. యనగా నీవు చేసిన క్రొత్త వస్తువును నీవును అదే షరతుపై లోకమున కీయవలెను. నాలుగవదియగు ఎన్.డి. యనగా మార్పు చేయరాదు. దీనివద్దనే మా పిల్లలు చాలమంది పడిపోయిరి. "మేము పాటను ముక్క కూడ కోయలేదు, మొదటినుండి చివరివరకు ఉన్నది యున్నట్లు పెట్టితిమి, ఇక మార్పెక్కడిది?" అని వాదించిరి. వాదన బాగుగనే యున్నది. కాని పత్రము చదివినవారికి నిలువదు. కదలు బొమ్మలతో కాలము సరిపోవునట్లు సంగీతమును జతపరచినంతనే అది మార్పు చెందిన కృతి యగునని ఆ పత్రములోనే స్పష్టముగ వ్రాసియున్నది. కావున ఎన్.డి. గుర్తు గల సంగీతము వినుటకే గాని, చిత్రమునకు పనికిరాదు. ఆ కారణముచేతనే ఎస్.ఏ. గుర్తు గల సంగీతమును వాడినచో మీ చిత్రమును అదే షరతుతో ఇచ్చివేయవలసి వచ్చును. అందులో ఇతరుల బొమ్మలున్నచో ఆ మాట యిచ్చుటకు మీకు అధికారమే యుండదు. ఇది కొంచెము సూక్ష్మము, రెండుసార్లు చదువుడు. ఇవిగాక సి.సి. జీరో యను పత్రము 2009లో వచ్చినది. దానిలో కర్త ఏ షరతును పెట్టడు. పేరు చెప్పవలసిన పనియు లేదు, చెప్పినచో మర్యాద.

ఎక్కడ వెదకవలెను? మేము మా పిల్లలను మొదట వికీమీడియా కామన్సునకు పంపుదుము. 2004లో మొదలైన ఆ భాండాగారమున ఎన్.సి., ఎన్.డి. గుర్తులు గల వస్తువులను చేర్చుకొనరు. కావున పొరపడుటకు తావు తక్కువ. ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవును 2009లో న్యూజెర్సీలోని ఒక రేడియో స్టేషనువారు స్థాపించిరి. అందు ప్రతి పాటకును వేరు షరతు గనుక ఒక్కొక్కటి చూడవలెను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునకు మ్యూసోపెన్ మంచిది. గాలి, వాన, గంట, రైలు వంటి ధ్వనులకు బార్సెలోనా విశ్వవిద్యాలయ మొకటి 2005లో నెలకొల్పిన ఫ్రీసౌండు కలదు. కాజీపేట జంక్షను పక్కన పుట్టిన మా పిల్లలు రైలు కూతకై స్పెయినుదేశమునకు పోవుట మాకు నవ్వు తెప్పించినది. కెవిన్ మెక్లాయిడ్ అను అమెరికా సంగీతకర్త తన వరుసలను వందలకొలది బి.వై. షరతుపై ఇచ్చియున్నాడు. యూట్యూబువారి ఆడియో లైబ్రరీలో కొన్నిటికి పేరు చెప్పవలెను, కొన్నిటికి అక్కరలేదు. ఇంటర్నెట్ ఆర్కైవు 1996లో స్థాపింపబడిన మహాగ్రంథాలయము. అక్కడ ఉన్నదంతయు స్వేచ్ఛ యని తలంపరాదు. అందలి పాత గ్రామఫోను రికార్డులను గూర్చి 2023లో పెద్ద రికార్డు కంపెనీలు వ్యాజ్యము వేయగా 2025లో రాజీయైనది.

పిల్లలనోట మేము వినుచున్న కొన్ని మాటలను ఇక్కడనే ఖండించుట మంచిది. ముప్పది సెకనులకు తక్కువ వాడిన తప్పు లేదనుట వట్టిమాట. మన చట్టమున అట్టి సెకనుల లెక్క లేదు. చిత్రము క్రింద "హక్కులన్నియు యజమానివే, నాకు లాభాపేక్ష లేదు" అని వ్రాయుట, ఇతరుల తోటలో మామిడికాయ కోసి "చెట్టు మీదే" అని చీటి కట్టుట వంటిది. "నో కాపీరైటు మ్యూజిక్" అని ఎవరో పేరు పెట్టినంత మాత్రమున అది అట్లగునా? పేరు పెట్టినవాడు అసలు కర్తయా యని చూడవలెను. రాయల్టీ ఫ్రీ యనగా ఉచితమని అర్థము కాదు. ఒకసారి వెల యిచ్చిన పిమ్మట మరల మరల ఈయ నక్కరలేదని అర్థము. ఒక యాప్‌లో వారి భాండాగారమునుండి పాట ఎన్నుకొని చేసిన చిత్రమును అక్కడినుండి తీసి వేరొక చోట నుంచినచో ఆ యనుమతి వెంట రాదు. ఇక సంగీతము శుద్ధమైనంత మాత్రమున చిత్రము శుద్ధము కాదు. సినిమాలోని దృశ్యములకును యజమానులు కలరు. నటుని అభిమానించు బాలునకు మేము చెప్పునది, సాధ్యమైనచో నీవు గీసిన బొమ్మలు పెట్టుము, నీవు తీసిన బొమ్మలు పెట్టుము అని. ఇది వారికి రుచింపదని మాకు తెలియును.

పై భాండాగారములలో ఎంత వెదకినను మన సీమ వాద్యము దొరకుట కష్టము. వేయిస్తంభముల గుడిని చూపించు చిత్రమునకు మా బాలు డొకడు ఐర్లండు దేశపు పిల్లనగ్రోవి పెట్టినాడు. స్వేచ్ఛగా దొరికినది అదియే యని అతని సమాధానము. అతనిని కోపగించుకొనలేకపోతిమి. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని పదమూడవ శతాబ్దమున నృత్తరత్నావళి వ్రాసిన సీమ యిది.

అప్పుడు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తాత ఒగ్గుకథకు డోలు వాయించునని చెప్పెను. ఒక ఆదివారము మధ్యాహ్నము జనగామకు చేరువనున్న వారి పల్లెకు నలుగురు పిల్లలతో పోతిమి. జానపద తాళము ఎవరి సొత్తును కాదు; కాని వాయించిన చేతికి హక్కు కలదు. ప్రదర్శకుని హక్కు మన చట్టమున 50 ఏండ్లు. రికార్డు చేసినవారి హక్కు వేరు. కావున కాగితము వ్రాసికొనిపోయి, తెలుగులో చదివి వినిపించితిమి. బి.వై. షరతుతో ఒకసారి ఇచ్చిన పిమ్మట తిరిగి తీసికొనుటకు వీలు లేదని మరీ మరీ చెప్పితిమి. ఆయన చాలసేపు డోలు త్రాళ్లు బిగించుచు కూర్చుండి, "నా డోలు అమెరికాల మోగినా నా పేరుంటదా సారూ?" అని అడిగెను. "ఉంటది తాతా, అదే దాని షరతు" అంటిమి. "గట్లయితే రాసుకోండ్రి. కథ మాత్రం ఇయ్య. మల్లన్న కథ సినిమావోని బొమ్మల ఎన్క పెట్టొద్దు" అనెను. మేము కాగితములో కథ అను మాటను కొట్టివేసి, డోలు దరువు లని వ్రాసి, మరల చదివితిమి. మూడు దరువులు వాయించెను. మూడవదాని నడుమ కోడి కూసినది. పిల్లలు దానిని తీసివేయ నొప్పుకొనలేదు.

వేలిముద్ర తాతది, క్రింద మనుమని సంతకము, వాని తండ్రి సంతకము. పదునెనిమిది యేండ్లు నిండనివాడు చేసిన ఒడంబడిక మన దేశమున చెల్లదు గనుక, పిల్లలు తామే వాయించిన సంగీతమును లోకమున కీయదలచినప్పుడు తలిదండ్రుల సంతకము కావలెను. తలిదండ్రులు దీనిని గమనింప గోరుచున్నాము.

ఇప్పుడు మా కంప్యూటరు గదిలో ఒక నోటుపుస్తక మున్నది. ఏ చిత్రమున కే సంగీతము వాడినను అందు నాలుగు సంగతులు వ్రాయవలెను: కృతి పేరు, కర్త పేరు, దొరికిన చోటు, షరతు. ఆ నాలుగే చిత్రము చివరను కనబడవలెను. షరతు గల పుటను తేదీతో సహా బొమ్మగా పట్టి దాచవలెను. రేపు ఆ పుట మాయమైనను సాక్ష్య ముండును. అన్నిటికన్న ముఖ్యముగ, మాటలను ఒక ప్రతిలోను, సంగీతమును వేరొక ప్రతిలోను ఉంచి, రెంటిని కలిపిన పిమ్మటను విడిప్రతులను తుడిచివేయరాదు. ఈ చివరి నియమమును మేమే ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి.

మాస్టరుగారి మాటలు మాకు దొరకలేదు. అయితే ఈ యేటి జూను నెలలో పూర్వవిద్యార్థి యొకడు తన పాత ఫోనులో వెదకి, ఆ సభనాడు వెనుక బల్లనుండి తాను పట్టిన నలువది సెకనుల ముక్క నొకటి తెచ్చి యిచ్చెను. హాలు గోలలో ఒకటి రెండు వాక్యములు వినబడుచున్నవి. వెనుక ఆ సినిమాపాటయు నున్నది. దానిని అంతర్జాలమున నుంచక, వారి కుమార్తెకు నేరుగా పంపితిమి.

వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో ఎవరి యిండ్లలోనైన పాత గ్రామఫోను రికార్డు లున్నచో, పడవేయక, పాఠశాలకు తెలియజేయ వేడుచున్నాము. రికార్డు నడుమ అంటించిన కాగితముమీది పేరును, అంకెను మాకు వ్రాసి పంపినచో, అది వెలువడిన సంవత్సరమును మా పిల్లలు వెదకెదరు.